వేచియున్నవారి చరిత్ర

మన పురాణాలలో శరీరాన్ని దానమిచ్చినవారి కథలకు కొదువ లేదు. పావురాన్ని కాపాడటానికి తొడ కోసి త్రాసులో పెట్టిన శిబి, వజ్రాయుధం కోసం ఎముకలిచ్చిన దధీచి, సహజకవచకుండలాలను ఒలిచి ఇచ్చిన కర్ణుడు. వీరి కథలు ముప్పయ్యేళ్ళకు పైగా తరగతిగదిలో చెప్పినవాణ్ణి. మా సింగరాయకొండలో రైలెక్కి గూడూరు మీదుగా పోతే శ్రీకాళహస్తి వస్తుంది. శివుని కంట నెత్తురు కారడం చూచి తన కన్ను పెకలించి అమర్చిన తిన్నడు అక్కడివాడే. అవయవదానాన్ని గూర్చిన సభలలో వక్తలు ఈ పేర్లనే తలచుకొంటారు. తలచుకొనవలసినవారే.

అయితే ఈ కథలన్నింటిలోనూ ఒక విశేషమున్నది. పుచ్చుకొనేవాడు ఎక్కడా వేచియుండడు. డేగ అడిగింది, శిబి కోశాడు. ఇంద్రుడు చేయి చాచాడు, కర్ణుడు ఒలిచాడు. శివుని కంట నెత్తురు కనబడిన మరునిమిషంలో తిన్నని కన్ను సిద్ధం. అడగటానికీ అందటానికీ నడుమ కాలమన్నదే లేదు.

నేటి వైద్యంలో ఆ రెంటి నడుమ నెలలున్నవి, ఏండ్లున్నవి. ఆ కాలంలో మనిషి లేవాలి, తినాలి, నిద్రపోవాలి, పెళ్ళిళ్ళకు పోవాలి, అప్పులు తీర్చాలి. శస్త్రవైద్యుల చరిత్ర పుస్తకాలలో ఉన్నది. దాతలకు సన్మానాలున్నవి. ఈ నడిమికాలంలో బ్రతికేవారికి మాత్రం చరిత్ర లేదు. మూడున్నరేళ్ళుగా మా తమ్ముడు ఒక మూత్రపిండం కోసం వేచియున్నాడు. వాడి ప్రక్కన కూర్చొని చదివినదీ చూచినదీ కలిపి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను. చదివేకొద్దీ నాకు తెలిసినదేమంటే, నిరీక్షణకూ ఒక చరిత్ర ఉన్నది. ఈ ఎనభై ఏండ్లలో మనిషి దేనికోసం వేచియుండాలన్నది పలుమార్లు మారింది.

మొదట వేచినది యంత్రం కోసం. రెండవ ప్రపంచయుద్ధకాలంలో, జర్మనీ ఆక్రమణలో ఉన్న హాలండులోని కాంపెన్ అనే చిన్నపట్టణంలో విలెం కాల్ఫ్ అనే వైద్యుడు 1943లో రక్తశుద్ధియంత్రాన్ని తయారుచేశాడు. మాంసపు సాసేజీలకు వాడే సెల్లోఫేన్ గొట్టాన్ని ఒక పీపాకు చుట్టి, దానిలో రక్తం ప్రవహింపజేసి, ఆ పీపాను ఉప్పునీటి తొట్టిలో త్రిప్పేవాడు. మొదటి రోగులలో దాదాపు అందరూ మరణించారు. 1945లో 67 ఏండ్ల స్త్రీ ఒకతె బ్రతికి బయటపడింది. ఈనాడు మన జిల్లా ఆసుపత్రులలో కనిపించే డయాలసిస్ యంత్రాలకు మూలపురుషుడు ఆ పీపాయే.

ఐతే అందులో ఒక చిక్కు ఉండేది. శుద్ధి చేసిన ప్రతిసారీ క్రొత్తగా ఒక ధమనినీ ఒక సిరనూ కోయవలసి వచ్చేది. నాలుగైదుసార్లయ్యేసరికి కోయటానికి చోటు మిగిలేది కాదు. అందువల్ల తాత్కాలికంగా చెడిన మూత్రపిండాలకే అది పనికివచ్చేది. 1960లో అమెరికాలోని సియాటిల్‌లో బెల్డింగ్ స్క్రిబ్నర్ టెఫ్లాన్ గొట్టాన్ని చేతిలోనే ఉంచివేసే ఉపాయం కనిపెట్టాడు. 1966లో అదే చేతిలో ధమనినీ సిరనూ కలిపి కుట్టే పద్ధతి వచ్చింది. మనవాళ్ళు ఫిస్టులా అనేది దానినే. దానితో మూత్రపిండాలు పూర్తిగా పోయినవారు కూడ యంత్రంతో ఏండ్లకేండ్లు బ్రతకవచ్చునని తేలింది.

బ్రతకవచ్చుననగానే ప్రశ్న పుట్టింది: ఎవరు? సియాటిల్‌లో యంత్రాలు కొద్ది, రోగులు పెక్కుమంది. అక్కడ ఏడుగురితో ఒక సంఘం వేశారు. అందులో ఒక న్యాయవాది, ఒక మతగురువు, ఒక బ్యాంకు ఉద్యోగి, ఒక గృహిణి, ఒక ప్రభుత్వాధికారి, ఒక కార్మికనాయకుడు, ఒక శస్త్రవైద్యుడు. పేర్లు గోప్యం. వైద్యులు అర్హులని తేల్చినవారిలోనుండి ఎవరిని యంత్రం మీదికి తీసికొనాలో వీరు నిర్ణయించేవారు. వయస్సు, పెళ్ళి, పిల్లలు, సంపాదన, చదువు, చర్చికి వెళ్ళే అలవాటు, అన్నీ చూచేవారు. 1962లో లైఫ్ పత్రికలో షానా అలెగ్జాండర్ ఈ సంగతి వ్రాయగా దేశమంతా అట్టుడికింది. 1972లో అమెరికా శాసనసభ డయాలసిస్ ఖర్చును ప్రభుత్వమే భరించేటట్లు చట్టం చేసింది. ఆ పదేండ్లపాటు వేచియున్నవాడు తన రోగంతోబాటు తన యోగ్యతను కూడ నిరూపించుకొనవలసి వచ్చింది. ఇటువంటి సంఘం ముందు నిలబడితే మా తమ్మునికి ఎన్ని మార్కులు వచ్చేవో! పెళ్ళయింది, ఒక్కడే కొడుకు, చిన్న ఎరువులకొట్టు, గుడికి పండుగలనాడే వెళతాడు.

మార్పిడి సంగతి ఇలా ఉండగా, 1954 డిసెంబరు 23న బాస్టన్‌లోని పీటర్ బెంట్ బ్రిగ్‌హామ్ ఆసుపత్రిలో జోసెఫ్ మర్రే ఒక కవలసోదరుని మూత్రపిండాన్ని రెండవవానికి అమర్చాడు. ఆ రోగి ఎనిమిదేండ్లు జీవించాడు. ప్రపంచంలో విజయవంతమైన మొదటి మార్పిడి అదే. మర్రేకు 1990లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ ఆసుపత్రి పేరు తెలుగువాడు మరువరాదు. 1922లో బాస్టన్ చేరిన మన భీమవరపు బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు, పొట్టపోసికొనటానికి రాత్రిపూట రోగుల మలమూత్రపాత్రలు శుభ్రం చేసినది ఇక్కడే. తరువాత లెడర్లీ సంస్థలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లానికి ప్రతిరోధకాలను తయారుచేసింది. జీవకణానికి కావలసిన పదార్థాన్ని పోలిన నకిలీని అందించి, కణం విభజన చెందకుండ ఆపటమే వాటి కిటుకు. ఇదే త్రోవలో వేరొక ప్రయోగశాలలో హిచింగ్స్, గెర్‌ట్రూడ్ ఎలియన్ చేసిన కృషినుండి అజాథయోప్రిన్ అనే మందు వచ్చింది. వారికి 1988లో నోబెల్ వచ్చింది. 1962లో అదే బ్రిగ్‌హామ్ ఆసుపత్రిలో ఆ మందు ఇచ్చి, మరణించిన అపరిచితుని మూత్రపిండాన్ని అమరిస్తే అది ఏడాదికి పైగా పనిచేసింది. సుబ్బారావు ఇవేవీ చూడలేదు. 1948లోనే న్యూయార్కులో కన్నుమూశాడు.

ఈ మందు సంగతి ఇంతగా ఎందుకు చెప్పవలసి వచ్చిందంటే, నిరీక్షణ చరిత్రలో పెద్ద మలుపు అదే. శరీరం పరాయి అవయవాన్ని శత్రువుగా భావించి తరిమికొడుతుంది. అందువల్ల 1954లో కవల ఉన్నవాడికే ఆశ. కవల లేనివాడు వేచియుండటంలో అర్థమే లేదు, వాడు మరణానికి సిద్ధపడేవాడు. రోగనిరోధాన్ని అణచే మందు వచ్చిన తరువాత తోబుట్టువూ ఇవ్వవచ్చు, తల్లీ ఇవ్వవచ్చు, ముక్కూమొగమూ ఎరుగనివాడూ ఇవ్వవచ్చు. 1968లో హార్వర్డు విశ్వవిద్యాలయ సంఘం మెదడుమరణానికి లక్షణాలు నిర్ణయించింది. నార్వే మట్టిలో దొరికిన ఒక శిలీంధ్రంనుండి వచ్చిన సైక్లోస్పోరిన్‌కు 1983లో అమెరికాలో అనుమతి లభించింది. ఆశ అందరికీ తెరుచుకొన్నది. అందుచేతనే వరుస కూడ పుట్టింది. వరుస అన్నది మందు లేనందువల్ల ఏర్పడినది కాదు, మందు వచ్చినందువల్ల ఏర్పడినది.

ఇక మన దేశానికి వస్తాను. దాత బ్రతికియుండగా ఇచ్చిన మూత్రపిండంతో మొదటి విజయం 1971లో వెల్లూరు క్రైస్తవ వైద్యకళాశాలలో లభించింది. మా వైపు పెద్దలు ఆ ఊరిని రాయవేలూరు అనేవారు. "రాయవేలూరు తీసికొనిపోయారట" అన్న మాట వీధిలో వినబడితే, ఆ ఇంటి పరిస్థితి వేరే చెప్పనక్కరలేదు. మద్రాసు బండిలో కూర్చొని, అక్కడ మరో బండి మారి, కాట్పాడిలో దిగేవారు. పొలం అమ్మినవారు వెళ్ళేవారు. పొలం లేనివారు ఇంటిదగ్గరే ఉండేవారు. ఆ తరంలో మూత్రపిండాలు పోయిన పేదవాడు అసలు వేచియుండలేదు. వేచియుండటానికి కూడ డబ్బు కావాలి.

డబ్బున్నవాడికి 1980లలో మరొక త్రోవ కనబడింది. మద్రాసులోని విల్లివాక్కం అనే పేటకు కిడ్నీవాక్కం అన్న ఎత్తిపొడుపు పేరు వచ్చింది. అక్కడి బీదవారు, అందులో ఎక్కువగా స్త్రీలు, మూత్రపిండాలు అమ్ముకొన్నారు. అంతకాలం నిరీక్షణ ఒకవైపే ఉండేది. ఇప్పుడు రెండువైపులా వచ్చింది. ఇటు రోగి మూత్రపిండం కోసం, అటు ఋణగ్రస్తుడు బేరగాని కోసం. 2001లో మద్రాసులో మూత్రపిండం అమ్ముకొన్న 305 మందిని ప్రశ్నించి పరిశోధకులు మరుసటి ఏడు అమెరికా వైద్యసంఘ పత్రికలో ఒక వ్యాసం వ్రాశారు. నూటికి 96 మంది అప్పు తీర్చటానికే అమ్ముకొన్నారు. సగటున చేతికి వచ్చినది 1,070 డాలర్లు. తరువాత కుటుంబాదాయం మూడవవంతు తగ్గింది. అప్పు కోసం అమ్మినవారిలో నూటికి 74 మంది అప్పు ఇంకా మిగిలేయున్నది.

ఇది మద్రాసు కథ మాత్రమే కాదు. పల్నాటిలోని రెంటచింతల ప్రాంతపు రైతులు పత్తి పోయి, పురుగుమందుల అప్పులు తీర్చలేక, మూత్రపిండాలు అమ్ముకొన్నారని 2000లో పత్రికలు వ్రాశాయి. గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడిలో పత్తీ మిరపా పండించినవారికి ఎరువులకొట్టు ఖాతా అంటే ఏమిటో తెలుసు. పంటను నమ్మి అప్పు, అప్పును నమ్మి పంట. ఆ వలయంలో చివరికి మిగిలిన ఆస్తి శరీరం. ఎరువులు అమ్మిన మా తమ్ముడు ఈ సంగతి విన్ననాడు చాలాసేపు మాట్లాడలేదు. "ఆ కొట్టువాళ్ళలో నేనూ ఒకణ్ణేగా అన్నయ్యా" అన్నాడు.

1994లో పార్లమెంటు మానవావయవాల మార్పిడి చట్టం చేసింది. అమ్మకం నేరమైంది. మెదడుమరణానికి గుర్తింపు వచ్చింది. జూలై 8న రాష్ట్రపతి ఆమోదం లభించింది. నెల తిరగకముందే, ఆగస్టు 3న, ఢిల్లీ అఖిలభారత వైద్యవిజ్ఞాన సంస్థలో మన దేశపు మొదటి విజయవంతమైన గుండెమార్పిడి జరిగింది. చేసినవారు రాజమహేంద్రవరంలో పుట్టిన పనంగిపల్లి వేణుగోపాల్ గారు. 2024లో ఆయన స్వర్గస్థులైనారు. 2023 నుండి అవయవదానదినాన్ని ఆగస్టు 3న జరుపుతున్నది ఆ శస్త్రచికిత్సకు గుర్తుగానే. ఆంధ్రప్రదేశ్ తన సొంత చట్టాన్ని 1995లో చేసికొన్నది.

ఈ చట్టంతో నిరీక్షణ మూడవ రూపు దాల్చింది: దగ్గరిచుట్టం మాట కోసం. చట్టం చెప్పిన దగ్గరిచుట్టాలు భార్య లేక భర్త, తల్లి, తండ్రి, కొడుకు, కూతురు, అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు. 2011 సవరణలో తాతలు, అమ్మమ్మ నాయనమ్మలు, మనుమలు, మనుమరాండ్రు చేరారు. మిగిలినవారెవరైనా సరే, తాము ప్రేమతోనే ఇస్తున్నామనీ, డబ్బుకు కాదనీ అనుమతిసంఘం ముందు నిరూపించుకొనాలి. విల్లివాక్కం చూచిన దేశంలో ఈ కట్టడి అవసరమే. కాని భాష చెప్పినవాణ్ణి గనుక నాకొక సంగతి తట్టింది. తెలుగులో మేనమామ దూరపు చుట్టమా? పెళ్ళిలో బుట్టలో కూర్చోబెట్టి తెచ్చేది ఆయనే కదా. మేనత్త? వదిన? వదినను తల్లి తరువాత తల్లి అంటాము. మన బంధువాచకాలలో సగం ఈ జాబితాకు వెలుపలే నిలిచిపోయినవి.

మా ఇంట్లో అదే జరిగింది. తమ్మునిది ఓ రక్తవర్గం. ఓ వర్గంవారు అందరికీ ఇవ్వగలరు గాని, ఓ వర్గంవారినుండే పుచ్చుకొనగలరు. అందుకే ఆ వర్గంవారికి నిరీక్షణ సాధారణంగా దీర్ఘం. మరదలిది బి. ఇలా కలవని రెండు జంటలు పరస్పరం మార్చుకొనే పద్ధతిని 2011 సవరణ అనుమతించింది గాని సరియైన జంట దొరకాలి. నాకు చక్కెరవ్యాధి. తమ్ముని కొడుకు ఇస్తానన్నాడు. వాడికింకా పెళ్ళి కాలేదు. తమ్ముడు ససేమిరా ఒప్పుకొనలేదు. "వాడి దగ్గర తీసికొని వాడి ముందు ఎట్లా తిరగను అన్నయ్యా" అన్నాడు. నా భార్యది ఓ వర్గమే. "నేనిస్తాను, మీరు కాగితాలు చూడండి" అన్నది ఒకనాడు అన్నం వడ్డిస్తూ. సంఘానికి కావలసిన కాగితాలన్నీ పోగుచేస్తుండగానే, పరీక్షలలో ఆమెకు తెలియకుండానే రక్తపోటు ముదిరిందని తేలింది. వైద్యులు వద్దన్నారు. ఆమె ఇప్పటికీ ఆ ఫైలు బీరువాలోనే దాచియుంచింది.

ఆమె ముందుకు రావటం మా ఇంటి గొప్ప అనుకొన్నాను. లెక్కలు చూచిన తరువాత అది దేశరీతి అని తెలిసింది. మన దేశంలో బ్రతికియుండి ఇచ్చేవారిలో నూటికి ఎనభై మంది వరకు స్త్రీలు. భార్యలు, తల్లులు. పుచ్చుకొన్నవారి లెక్క దీనికి తలక్రిందులు. 1995 నుండి 2021 దాక 36,640 మార్పిడులను లెక్కిస్తే పురుషులకు జరిగినవి 29,695, స్త్రీలకు 6,945. స్త్రీలకు మూత్రపిండాలు చెడకనా? వేచియున్న స్త్రీకి ఇంట్లో ఇచ్చేవారు లేరు. చాలాచోట్ల ఆమె వేచియున్నదని ఒప్పుకొనేవారే లేరు. డయాలసిస్ గదిలో తమ్మునికి ప్రక్క పడకమీద ఒక ముప్పైరెండేళ్ళ అమ్మాయి ఉండేది. నీ పేరు నమోదు చేయించారా తల్లీ అని అడిగితే "మావాళ్ళు చూద్దామంటున్నారు మాష్టారూ" అనేది. రెండేళ్ళు అదే సమాధానం. గత శ్రావణం నుండి ఆ పడకమీద వేరెవరో ఉంటున్నారు.

ఇక నాలుగవ రూపు ఇప్పటిది: ఎరుగనివారి మరణం కోసం వేచియుండటం. తమిళనాడు 2008లో మరణించినవారి అవయవాల పంపకానికి ప్రభుత్వ పద్ధతిని ఏర్పరచింది. ఆ సెప్టెంబరులో ఒక వైద్యదంపతులు ప్రమాదంలో పోయిన తమ కుమారుని అవయవాలు ఇవ్వటం అక్కడి ప్రజలను కదిలించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జీవన్‌దాన్ 2013లో మొదలైంది. రాష్ట్రవిభజన తరువాత 2015లో ఇక్కడ వేరుగా ఏర్పడింది. 2016లో గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో ఆళ్ళ గోపాలకృష్ణ గోఖలే గారు గుండెమార్పిడి చేసినప్పుడు, పేదవాడు కూడ ఈ వరుసలో నిలబడవచ్చునన్న నమ్మకం మా జిల్లాలలో కలిగింది. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ, 2019 నుండి డయాలసిస్ రోగులకు నెలకు పదివేల రూపాయల పింఛను, ఇవి లేకపోతే నేను పైన చెప్పిన రాయవేలూరు రోజులే నేటికీ ఉండేవి. వేచియుండే శక్తి పేదవానికి ప్రసాదించినవి ఈ రెండు.

వేచియున్నవాని దినచర్య ఎట్లా ఉంటుందో వ్రాస్తాను.

వాడి పంచాంగంలో తిథులు లేవు. వారాలు మాత్రమే ఉన్నవి. సోమ బుధ శుక్రవారాల జట్టు ఒకటి, మంగళ గురు శనివారాల జట్టు ఒకటి. మావాడు మొదటి జట్టు. సంక్రాంతి బుధవారం వస్తే సంక్రాంతి లేదు. తెల్లవారుజామున లేచి ఒంగోలు వెళ్ళి, నాలుగు గంటలు యంత్రం ప్రక్కన పడుకొని, మధ్యాహ్నానికి వడలి తిరిగివస్తాడు. ఆ సాయంత్రం మాట్లాడడు. మరునాడు మనిషి. ఆ మరునాడు మళ్ళీ ఒంగోలు. శుక్రవారానికీ సోమవారానికీ మధ్య ఒక రోజు ఎక్కువ. ఆదివారం రాత్రి ఆయాసంతో దిండ్లు ఎత్తుపెట్టుకొంటాడు. లోకానికి ఆదివారం సెలవు, వాడికి గండం.

నీరు. మూత్రం రాని శరీరంలో త్రాగినదంతా నిలిచిపోతుంది. రోజుకు ముప్పాతిక లీటరు, అందులోనే కాఫీ, మజ్జిగ, మాత్రలు మ్రింగే నీళ్ళు. ఉదయమే మరదలు ఒక సీసాలో కొలిచి పెడుతుంది. రోహిణికార్తెలో రోళ్ళు పగులుతాయంటారే, ఆ ఎండలో వాడు మంచుముక్క ఒకటి నోట్లో వేసికొని పాకల సముద్రపుగాలి కోసం అరుగుమీద కూర్చుంటాడు. నా నోటుపుస్తకంలో ఒక సోమవారం నాటి లెక్క: వెళ్ళేటప్పుడు 61.8 కిలోలు, వచ్చేటప్పుడు 59.2. ఆ రెండున్నర కిలోల పైచిలుకు రెండు రోజుల దాహం.

తిండి. ఉప్పు తగ్గించాలి, ఉప్పు తింటే దాహం. పొటాషియం తగ్గించాలి, అది పెరిగితే గుండె ఆగుతుంది. కొబ్బరినీళ్ళు, అరటిపండు, గోంగూర దూరం. కూరగాయలు ఉడికించి ఆ నీరు పారబోసి మళ్ళీ వండాలి. జబ్బుచేసినవానికి కొబ్బరిబోండం తెచ్చే లోకం మనది. పరామర్శకు వచ్చిన ప్రతివారూ రెండు బోండాలు పట్టుకొని వస్తారు. వారు నొచ్చుకోకుండ లోపలికి పంపడం మరదలు నేర్చుకొన్నది. ప్రతి వేసవిలో జాడీలకొద్దీ ఆవకాయ పెట్టే ఆమె ఈ మూడేళ్ళూ జాడీ దించలేదు.

ఎడమచేయి. ఫిస్టులా ఉన్న ఆ చేతితో బరువెత్తరాదు, రక్తపోటు చూడనీయరాదు, దానిమీద ఒరిగి నిద్రపోరాదు. వేలు ఆనించితే తుమ్మెద రొద వంటి అదురు తెలుస్తుంది. ఆ అదురు ఉంటే దారి తెరుచుకొని ఉన్నట్లు. రోజూ నిద్రలేవగానే వాడు ముందు దేవుని పటం చూడడు, కుడిచేతితో ఎడమచేయి తడిమి చూచుకొంటాడు.

ఫోను. పిలుపు ఏ వేళనైనా రావచ్చు. అందుకే అది ఎన్నడూ ఆరిపోరాదు. రైలు సొరంగాలున్న త్రోవలో ప్రయాణాలు మానేశాడు. సంచి ఒకటి సర్ది గుమ్మం ప్రక్కన ఉంటుంది. అందులో రెండు జతల బట్టలు, ఆధార్ నకళ్ళు, పరీక్షల ఫైలు, కొంత డబ్బు. అష్టవిధనాయికలలో వాసకసజ్జిక ఉన్నది కదా, పడకిల్లు అలంకరించి ప్రియుని కోసం ఎదురుచూచే ఆమె. పాఠం చెప్పేటప్పుడు అది శృంగారంలో ఒక అవస్థ అనుకొన్నాను. సర్దిపెట్టిన సంచిని చూచినప్పుడల్లా ఆ పదానికి మరో అర్థం స్ఫురిస్తున్నది.

పిలుపు ఒకసారి వచ్చింది. రాత్రి పదకొండు దాటింది. ఆసుపత్రి కో-ఆర్డినేటరు "వెంటనే బయలుదేరండి, ఏమీ తినకండి" అన్నాడు. కారు మాట్లాడి చెన్నై కలకత్తా రహదారి మీదుగా బయలుదేరాము. ఒకప్పటి అయిదవ నంబరు, ఇప్పటి పదహారవ నంబరు జాతీయరహదారి. తెల్లవారేసరికి చేరాము. ఒక మూత్రపిండానికి ఒక్కరినే పిలవరు. రక్తపు సరిపోలిక తేలేవరకు మరి ఒకరిద్దరిని సిద్ధంగా ఉంచుతారు. వసారాలో మాతోపాటు మరో రెండు కుటుంబాలు కూర్చున్నవి. ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు. పది గంటలకు చెప్పారు, వేరొకరికి సరిపోయిందని. తమ్ముడు లేచి ఆ కుటుంబంలోని పెద్దాయనకు నమస్కరించి "శుభం" అన్నాడు. ఆ రోజు శుక్రవారం. అక్కడినుండి నేరుగా ఒంగోలు డయాలసిస్‌కు వెళ్ళాము.

తిరిగివచ్చే దారిలో వాడన్న మాట ఈ వ్యాసానికంతటికీ మూలం. "అన్నయ్యా, నిన్న రాత్రి పోయినాయన ఎవరో మనకు తెలియదు. ఆయన ఇంట్లో ఈపాటికి ఏడుస్తుంటారు. నేను ఏమని దండం పెట్టుకోవాలి?"

నేను జవాబు చెప్పలేదు. ఈ రహదారి ప్రక్కనే పుట్టి పెరిగినవాళ్ళం. లారీల క్రింద, మోటారుసైకిళ్ళమీద పోయిన పిల్లలను ఎందరినో ఎరుగుదుము. వారిలో నా శిష్యులూ ఉన్నారు. వేచియున్నవాడు పిలుపు రావాలని కోరుకొంటే ఎవరో పోవాలని కోరుకొన్నట్లు అవుతుందేమోనన్న బెరుకు వాడిది. తరువాత చట్టాన్ని చదివినప్పుడు నాకు కొంత నెమ్మది కలిగింది. మెదడుమరణాన్ని నలుగురు వైద్యులు, కనీసం ఆరు గంటల ఎడంతో రెండుసార్లు పరీక్షించి ధ్రువీకరించాలి. దాతను గూర్చి వేచియున్నవానికీ, వేచియున్నవానిని గూర్చి ఆ వైద్యులకూ సంబంధమే ఉండరాదు. ఆ మరణం ఎవరూ కోరుకొన్నందువల్ల వచ్చినది కాదు. అది వచ్చిన తరువాత, గుండెకు నాలుగైదు గంటలు, మూత్రపిండానికి దాదాపు ఒక రోజు, అంతే వ్యవధి. ఆ వ్యవధిలో, దుఃఖంలో మునిగిన ఒక తల్లి లేక ఒక భార్య సరేనంటేనే పిలుపు వస్తుంది. తమ్ముడు వేచియున్నది ఒకరి చావు కోసం కాదు, చావు వచ్చిన ఇంట్లో ఒకరు పలికే "సరే" అన్న మాట కోసం. ఈ సంగతి మరో శుక్రవారంనాడు వాడికి చెప్పాను. వింటూ కళ్ళు మూసికొన్నాడు.

ఆ "సరే" ఎంత అరుదో లెక్కలు చెబుతున్నవి. దేశంలో 2013లో 4,990 మార్పిడులు జరిగితే 2023లో 18,378 జరిగినవి. మూడింతలకు మించిన పెరుగుదల. ఐతే 2023లో మరణానంతరం దాతలైనవారు 1,099 మందే. మిగిలినదంతా బ్రతికియున్న చుట్టాలు, అనగా అధికభాగం స్త్రీలు, ఇచ్చినది. నూటనలభై కోట్లమంది ఉన్న దేశంలో మరణించినవారినుండి రావలసినది బ్రతికియున్న ఆడవారి దేహాలనుండి తీసికొంటున్నాము. తమిళనాడు 2023 సెప్టెంబరులో మరణానంతరదాతలకు ప్రభుత్వలాంఛనాలతో అంత్యక్రియలు జరపాలని నిర్ణయించింది. అదే ఏడు ఫిబ్రవరిలో కేంద్రం, మరణించినవారి అవయవానికి నమోదు చేసికొనటానికి ఉన్న 65 ఏండ్ల వయోపరిమితిని, స్థానికత నిబంధనను తొలగించింది. నా ఈడువారికి అంతకుముందు ఆ వరుసలో నిలబడే అర్హతే లేదు. అరవై ఏండ్ల క్రిందట సియాటిల్ సంఘం అడిగిన "ఎవరు యోగ్యులు?" అన్న ప్రశ్నలో ఒక ముక్క ఇప్పటికి తొలగిందన్నమాట.

యంత్రం కోసం, కవల కోసం, డబ్బు కోసం, చుట్టం కోసం, చివరికి ఎరుగనివారి అంగీకారం కోసం. ఇదీ నిరీక్షణ నడిచిన త్రోవ. మొదటిది యంత్రాలు పెరగటంతో తీరింది, రెండవది మందుతో తీరింది, మూడవదానిని చట్టంతో కట్టడి చేశారు. చివరిది మాత్రం ఇండ్లలో తీరవలసినది. ప్రతిజ్ఞాపత్రంమీద సంతకం చేయటం మంచిదే. కాని ఆ రాత్రి వైద్యులు అడిగేది సంతకం చేసినవానిని కాదు, వాడి ఇంటివారిని. మా ఇంట్లో నేనూ నా భార్యా ఈ మాట పిల్లలముందు విప్పి మాట్లాడుకొన్నాము. అన్నాలవేళ, ఏ ఆర్భాటమూ లేకుండ. మూత్రపిండం ఇస్తానన్న మనిషి, ఫైలు బీరువాలో దాచిన మనిషి, "అప్పుడైతే ఏ రక్తపోటూ అడ్డురాదు కదా" అన్నది. వైద్యులు అప్పుడు కూడ పరీక్షించి చూస్తారని నేను చెప్పబోయి ఊరుకొన్నాను.

మిత్రులారా, మీ ఊళ్ళలోనూ వేచియున్నవారు ఉంటారు. వారిని పరామర్శించటానికి వెళ్ళినప్పుడు కొబ్బరిబోండాలు తీసికొనిపోకండి. ఏ జట్టో, ఏ రోజులో కనుక్కొని, యంత్రం లేని రోజున వెళ్ళండి. వారు చెప్పినది వినండి, వీలైతే వ్రాసియుంచండి. నా నోటుపుస్తకం మూడవది నడుస్తున్నది. బరువులు, నీళ్ళు, వారాలు, అప్పుడప్పుడు ఒక మాట. నిన్నటి పుటలో ఇలా ఉన్నది: బుధవారం, వెళ్ళేటప్పుడు 61.1, వచ్చేటప్పుడు 59.3. ఫోను మ్రోగలేదు. సాయంత్రం కొట్టుకు వెళ్ళి ఒక గంట కూర్చున్నాడు.